నూతి నీటిలో పెట్రోలు విషం - చిల్లగింజలకు లొంగనిది

2014 వానాకాలంలో ఒక గృహిణి నా వైద్యశాలకు వచ్చారు. గోదావరి డెల్టాలోని ఒక చిన్న పట్టణంలో వారి నివాసం. ఉదయం స్నానమైన తరువాత తలనొప్పి, కళ్ళు తిరగడం, కడుపులో వికారం, అన్నం సయించకపోవడం ఆమె బాధలు. పిల్లలిద్దరికీ చేతుల మీద, కాళ్ళ మీద చర్మం పొడిబారి పగులుతున్నది. భర్తకు మాత్రం ఏ బాధా లేదు. ఆయన తెల్లవారుజామునే ఉద్యోగానికి పొరుగూరు వెళ్ళి, రాత్రికి గాని తిరిగి రారు. నేను నాడి చూచి, నాలుక చూచి, పిత్తోద్రేకమని నిశ్చయించి ధనియాల కషాయం, ఉసిరిక చూర్ణం వ్రాసి ఇచ్చాను. త్రాగే నీరు ఎక్కడిదని అడిగితే, "మా నూతి నీళ్ళేనండీ. ఈ మధ్య ఏదో వాసన వేస్తున్నాయండీ" అన్నారు. వానాకాలంలో నూతి నీరు కలకబారడం మామూలే కదా అని తలచి, చిల్లగింజ అరగదీసి కలిపి, తేరిన నీటిని మరగబెట్టి వాడుకోమని సలహా ఇచ్చాను.

పది రోజులకు ఆమె మళ్ళీ వచ్చారు. బాధలు తగ్గలేదు సరికదా, ఎక్కువైనాయి. "నీళ్ళు మరిగేటప్పుడు వంటింట్లో నిలబడలేకపోతున్నానండీ" అంటూ ఒక గాజుసీసాలో నూతి నీరు పట్టి తెచ్చి నా చేతికి ఇచ్చారు. మూత తీయగానే నా పొరపాటు నాకు తెలిసివచ్చింది. అది బురద వాసన కాదు, పాచి వాసన కాదు. పెట్రోలు వాసన. వారి ప్రహరీ గోడకు ఆవల ఒకప్పుడు పెట్రోలు బంకు ఉండేదట. రెండేళ్ళ క్రితం దానిని ఎత్తివేసి, భూమిలోని ట్యాంకులను పెకలించి, గోతులు పూడ్చివేశారట. "ట్యాంకులు తీసేశారు కదండీ, ఇంకా వాసన ఎక్కడిదండీ?" అని ఆమె అడిగిన ప్రశ్నకు ఆనాడు నా వద్ద సమాధానం లేదు. తరువాత చదివి, తెలిసినవారిని అడిగి నేను గ్రహించిన విషయాలను పాఠకుల ముందు ఉంచుతున్నాను.

కలక వేరు, విషం వేరు

సుశ్రుత సంహిత సూత్రస్థానంలో కలకబారిన నీటిని తేటపరచే ఏడు వస్తువులు చెప్పబడ్డాయి. వాటిలో మొదటిది కతకం, అనగా మన చిల్లగింజ. దీనినే ఇండుపగింజ అని కూడా అంటారు. ఇదే గ్రంథంలోని కల్పస్థానంలో విషదూషితమైన నీటిని గురించి వేరుగా చెప్పబడింది. అట్టి నీరు జిగటగా, తీవ్రమైన వాసనతో, నురుగుతో, పైన చారలతో ఉంటుందనీ, అందులోని చేపలు, కప్పలు చనిపోతాయనీ ఆచార్యుడు లక్షణాలు వర్ణించాడు. విషం సోకిన నేలను గురించి కూడా అక్కడే ప్రస్తావించాడు. కలకను ఒక చోట, విషాన్ని మరొక చోట చెప్పడంలోనే మనకు కావలసిన హెచ్చరిక ఉన్నది. నేను ఆ రెండింటినీ ఒకటిగా భావించాను.

చిల్లగింజ గాని, పటిక గాని నీటిలో తేలాడే సన్నని మట్టి కణాలను ఒకచోటికి చేర్చి అడుగుకు దింపుతాయి. రాగి బిందె కొన్ని సూక్ష్మజీవులను నశింపజేస్తుంది. పలుచని గుడ్డ చెత్తను ఆపుతుంది. నీటిలో కరిగిపోయిన పెట్రోలు అంశాలు మట్టి కణాలూ కావు, సూక్ష్మజీవులూ కావు. కాబట్టి ఈ ఉపాయాలలో ఏదీ వాటిని తాకదు. ఇక మరగబెట్టడం మరింత కీడు. పెట్రోలులోని బెంజీను అనే పదార్థం 80 డిగ్రీల వేడికే మరిగే స్వభావం కలది. నీరు కాగే కొద్దీ అది గిన్నెలో నుండి లేచి, తలుపులు మూసిన వంటింటి గాలిలో చేరి, పొయ్యి దగ్గర నిలబడిన ఇల్లాలి ఊపిరితిత్తులలోకి పోతుంది. ఆ తల్లి బాధ ఎక్కువ కావడానికి నా సలహాయే కారణమని చెప్పుకోవడానికి నేను సంకోచించడం లేదు.

ట్యాంకు పోయినా పెట్రోలు ఎందుకు పోదు?

బంకులో పెట్రోలు, డీసెలు నిలువచేసే ట్యాంకులు భూమిలో పాతిపెట్టబడి ఉంటాయి. పాతకాలపు ఉక్కు ట్యాంకులకు తడి నేలలో తుప్పు పట్టి సన్నని చిల్లులు పడతాయి. ట్యాంకు గట్టిగానే ఉన్నా, దాని నుండి పంపుకు వెళ్ళే గొట్టాల అతుకుల వద్ద కారవచ్చు. లారీ నుండి నింపేటప్పుడు ఒలికినది నింపుడు గొట్టం చుట్టూ ఇంకవచ్చు. రోజుకు ఒక చెంబెడు కారినా పైకి కనబడదు, లెక్కలో తేలదు. ఏళ్ళ తరబడి నేల త్రాగుతూనే ఉంటుంది. ట్యాంకును పెకలించినప్పుడు పోయేది ఆ పాత్ర మాత్రమే. నేల త్రాగినది నేలలోనే ఉంటుంది.

పెట్రోలు నీటికంటె తేలిక. నేలలో దిగుతూ దిగుతూ భూగర్భజలాన్ని చేరి, చారు మీద తాలింపు నూనె వలె దానిపై తేలుతుంది. అందులోని బెంజీను, టొలువీను వంటి అంశాలు ధనియాల కషాయం నీటిలోకి దిగినట్లుగా కొద్దికొద్దిగా నీటిలోకి దిగుతాయి. నీరు ఏ దిక్కుకు పారితే అవి ఆ దిక్కుకు పోతాయి.

డెల్టా ప్రాంతంలో దీనికి మరొక తోడు ఉన్నది. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు నూతులలో నీరు దిగిపోతుంది. దానితోపాటు పైన తేలే పెట్రోలు కూడా దిగి, క్రింది మట్టి పొరలకు పూత వలె అంటుకుంటుంది. కాలువలు వదిలి, వానలు పడి, నీరు పైకి లేచినప్పుడు ఆ పూత అంతా తిరిగి నీటిలో నానుతుంది. వారి నూతిలో వానాకాలంలోనే వాసన పుట్టడానికి కారణం ఇదే. తెలంగాణలో, రాయలసీమలో నల్లరాతి నేలలు ఎక్కువ. అక్కడ నీరు రాతి పగుళ్ళ వెంట ప్రవహిస్తుంది. కాబట్టి ప్రక్క ఇంటి బోరు బాగుండి, నాలుగిళ్ళ అవతలి బోరు చెడవచ్చు.

ఎంత పెట్రోలు పోతే ఎంత నీరు చెడుతుంది? నేడు మన దేశంలో అమ్మే పెట్రోలులో బెంజీను నూటికి ఒక వంతుకు మించరాదని నియమం. పూర్వం ఇంతకంటె ఎక్కువే ఉండేది. ఈ లెక్కన ఒక లీటరు పెట్రోలులో 10 మిల్లీలీటర్ల వరకు, అనగా దాదాపు 8.8 గ్రాముల బెంజీను ఉండవచ్చును. త్రాగే నీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములకు మించి బెంజీను ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. అమెరికా ప్రభుత్వపు హద్దు 5 మైక్రోగ్రాములే. ఒక్క లీటరు పెట్రోలులోని బెంజీను అంతా నీటిలో కలిస్తే, ఎనిమిది లక్షల లీటర్లకు పైగా నీటిని ఆ 10 మైక్రోగ్రాముల హద్దుకు చేర్చడానికి చాలును.

ఒక నగరం అనుభవం

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు సముద్రతీరాన సాంటా మోనికా అనే నగరం ఉన్నది. 1996లో ఆ నగరం త్రాగునీటి బావులను వరుసగా మూసివేయవలసి వచ్చింది. నగరానికి కావలసిన నీటిలో సుమారు సగం ఆ బావులే ఇచ్చేవి. పెట్రోలు బాగా మండడానికి అందులో కలిపే ఎం.టి.బి.ఇ. అనే ద్రవం భూమిలోని ట్యాంకుల నుండి, గొట్టాల నుండి కారి బావులను చేరింది. అది నీటిలో సులభంగా కరుగుతుంది, మట్టికి అంటుకొని నిలవదు, త్వరగా నశించదు. కొద్దిపాటి కలిసినా నీటికి టర్పెంటైను వంటి రుచి, వాసన వస్తాయి. ఆ బావుల నీరు శుద్ధిచేయబడి మళ్ళీ పూర్తిగా వాడుకలోకి రావడానికి పదిహేనేళ్ళకు దగ్గరగా పట్టింది. 2004 నుండి కాలిఫోర్నియాలో ఆ ద్రవాన్ని పెట్రోలులో కలపడం నిషేధించారు.

ఆ దేశంలో 1984లోనే భూగర్భ ట్యాంకుల కోసం ప్రత్యేక చట్టనిబంధన చేశారు. 1988లో వచ్చిన నియమాల ప్రకారం, ట్యాంకును శాశ్వతంగా మూసివేసేటప్పుడు కాలుష్యం ఉండే అవకాశం ఎక్కువగా ఉన్న చోట్ల తప్పనిసరిగా పరీక్షించాలి. ఇట్లా వెదకినందువల్లనే అయిదు లక్షలకు పైగా లీకులు అక్కడ బయటపడ్డాయి. వెదకని చోట ఎన్ని దాగి ఉంటాయో పాఠకులే ఊహించగలరు.

రోగికి వలెనే నేలకు పరీక్ష

రోగిని దర్శన, స్పర్శన, ప్రశ్నల చేత పరీక్షించవలెనని మన శాస్త్రం. ట్యాంకు తీసిన నేలను పరీక్షించే నిపుణులు చేసేదీ ఇంచుమించు అదే. అయితే వారు ప్రశ్నతో మొదలుపెడతారు.

ప్రశ్న: ఇక్కడ ఎన్ని ట్యాంకులు ఉండేవి? ఎన్నేళ్ళు ఉన్నాయి? పెట్రోలా, డీసెలా? పంపులు, గొట్టాలు ఎక్కడెక్కడ ఉండేవి? నిలువ లెక్కలలో ఎప్పుడైనా తేడా వచ్చిందా? చుట్టుప్రక్కల నూతులు, బోర్లు ఎన్ని? 2000 సంవత్సరానికి ముందు నడిచిన బంకు అయితే సీసం కలిపిన పెట్రోలు అమ్మి ఉండవచ్చు. కాబట్టి సీసానికి కూడా పరీక్ష చేయించాలి.

దర్శనం: ట్యాంకును ఖాళీ చేసి, లోపలి ఆవిరిని తొలగించి, అనుమతి గల నిపుణుల చేత పైకి తీయించిన వెంటనే దాని పొట్టను నలుప్రక్కలా పరిశీలిస్తారు. తుప్పు చిల్లులు, అతుకుల వద్ద తడి, గోతిలో నల్లబడిన మట్టి, నీటిపై రంగురంగుల పొర, వాసన - వీటిని వ్రాసుకుంటారు. గోతిని పూడ్చక ముందు చేయవలసిన పని ఇది. పూడ్చిన తరువాత సగం సాక్ష్యం పోయినట్లే.

స్పర్శనం: ఇది చేతితో కాదు, పరికరాలతో. ట్యాంకు రెండు కొనల క్రింద, గోతి నాలుగు గోడల నుండి, నింపుడు గొట్టం వద్ద, పంపుల క్రింద, గొట్టాలు పోయిన కాలువల వెంట మట్టి తీస్తారు. మొదట ఆ మట్టిని సంచిలో మూసి, పేరుకున్న ఆవిరిని ఒక చిన్న మీటరుతో కొలుస్తారు. ఎక్కువ చూపిన మట్టిని గాజుపాత్రలో ఖాళీ లేకుండా నింపి, మంచుపెట్టెలో పెట్టి ప్రయోగశాలకు పంపుతారు. ఎండలో ఉంచితే బెంజీను ఎగిరిపోయి, చెడ్డ మట్టి కూడా మంచిదిగా తేలుతుంది.

మట్టిలో దోషం కనబడితే నీటిని పరీక్షించాలి. అందుకోసం కనీసం మూడు సన్నని గొట్టపు బావులను త్రికోణంగా వేస్తారు. మూడింటిలోనూ నీటిమట్టాన్ని కొలిస్తే భూగర్భజలం ఏ వైపు నుండి ఏ వైపుకు పారుతున్నదో తెలుస్తుంది. పై వైపు బావి నీరు బాగుండి, క్రింది వైపు బావి నీరు చెడితే దోషం నడుమ ఉన్న స్థలానిదే అని తేలుతుంది. నీటి నమూనాను చిన్న గాజుసీసాలో గాలిబుడగ ఒక్కటి కూడా లేకుండా పట్టాలి. కాలాన్ని బట్టి నీటిమట్టం మారుతుంది కనుక ఒక్కసారి చేసిన పరీక్షతో తృప్తిపడకూడదు. వేసవిలోనూ, వానల తరువాతనూ చేయించాలి.

రోగం ఎంతవరకు వ్యాపించిందో తెలిసిన తరువాతనే చికిత్స. చెడిన మట్టిని త్రవ్వి తీసివేయడం, నీటిపై తేలే పెట్రోలును తోడివేయడం, నేలలోని ఆవిరిని పంపుతో లాగివేయడం, నీటిని ఉత్తేజిత కర్బనం గుండా పంపడం వంటి పద్ధతులు ఉన్నాయి. నేలలోని కొన్ని సూక్ష్మజీవులకు పెట్రోలు అంశాలే ఆహారం. గాలి, కాలం లభిస్తే అవి బెంజీనును క్రమంగా తినివేస్తాయి. అయితే నేటి పెట్రోలులో ఇథనాలు కలుస్తున్నది. 2025 నాటికి ఇది నూటికి 20 వంతులకు చేరింది. సూక్ష్మజీవులు ముందుగా ఇథనాలును తిని, నేలలోని ప్రాణవాయువును ఖర్చుచేస్తాయి. అందువల్ల బెంజీను మరికొంత కాలం నిలిచే అవకాశం ఉన్నది.

శరీరానికి కలిగే హాని

పెట్రోలు ఆవిరి పీల్చిన వెంటనే తలనొప్పి, తలతిప్పు, వికారం, కళ్ళ మంట కలుగుతాయి. ఆ నీటితో తరచు స్నానం చేస్తే చర్మంలోని జిడ్డు పోయి పొడిబారుతుంది. వేడినీటి స్నానంలో త్రాగిన దానికి తోడు పీల్చినది కూడా ఒంటికి పడుతుంది. ఇంటిపట్టున ఉండేవారికి బాధ ఉండి, బయటికి వెళ్ళేవారికి లేకపోవడం గొప్ప గుర్తు. ఆ గృహస్థు ఆరోగ్యంగా ఉండడం మొదటి రోజుననే నన్ను ఆలోచింపజేయవలసింది.

దీర్ఘకాలం సోకితే బెంజీను ఎముకల మజ్జను దెబ్బతీసి, రక్తకణాల ఉత్పత్తిని తగ్గిస్తుంది. రక్తపు క్యాన్సరుకు ఇది నిశ్చయమైన కారణమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ దానిని మొదటి వర్గంలో చేర్చింది. మజ్జ దెబ్బతిన్నప్పుడు మనిషి పాలిపోయి, ఆయాసపడుతూ పాండురోగి వలె కనిపిస్తాడు. రక్తపరీక్ష లేకుండా లోహభస్మము, మండూరము ఇస్తూ పోతే విలువైన కాలం వృథా అవుతుంది.

ఇంకొక ముఖ్యవిషయం. వాసన లేనంత మాత్రాన నీరు మంచిదని తలపరాదు. బెంజీను వాసన నీటిలో ముక్కుకు తెలియాలంటే లీటరుకు సుమారు 10 మిల్లీగ్రాములు ఉండాలి. అది ఆరోగ్యపు హద్దుకు వెయ్యి రెట్లు.

గృహస్థులు పాటించవలసినవి

1. నూతిలో గాని, బోరులో గాని పెట్రోలు, కిరసనాయిలు వాసన వస్తే త్రాగడం, వండడం, స్నానం - మూడూ వెంటనే ఆపండి. మరగబెట్టవద్దు. అల్ట్రావయొలెట్ దీపం గల ఫిల్టరు దీనికి పనికిరాదు. ఇంటిలోని ఆర్.ఓ. యంత్రాన్నీ నమ్మరాదు. కర్బనపు ఫిల్టరు కొంత పట్టినా, అది ఎప్పుడు నిండిపోయిందో మనకు తెలియదు.

2. అట్టి నూతి వద్ద అగ్గిపుల్ల గీయరాదు. పూడిక తీయడానికి మనిషిని దింపరాదు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది గనుక నూతి అడుగున నిలుస్తుంది. స్పృహ తప్పవచ్చు, నిప్పంటుకోవచ్చు.

3. మామూలు నీటి పరీక్షలో ఉప్పు, కాఠిన్యం, ఫ్లోరైడు, సూక్ష్మజీవులు మాత్రమే చూస్తారు. బెంజీను, టొలువీను, ఇథైల్ బెంజీను, జైలీను, ఎం.టి.బి.ఇ. అని పేరుపెట్టి అడగండి. ఎన్.ఎ.బి.ఎల్. గుర్తింపు గల ప్రయోగశాల సీసాలనే వాడండి. ప్లాస్టిక్ సీసాలో పట్టవద్దు.

4. మునిసిపాలిటీకి, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, రసీదు తీసుకోండి. ట్యాంకు తీసినప్పుడు మట్టి పరీక్ష జరిగిందా, నివేదిక ఏదీ అని అడగండి.

5. బాధలు ఉన్నవారికి పూర్తి రక్తకణాల పరీక్ష చేయించి, వైద్యునికి నీటి సంగతి కూడా చెప్పండి.

6. ఎవరైనా పొరపాటున పెట్రోలు మ్రింగితే ఉప్పునీరు పట్టి వాంతి చేయించరాదు. అది ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణాపాయం. వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

7. స్థలం గాని, ఫ్లాటు గాని కొనేటప్పుడు అక్కడ లోగడ బంకు ఉండేదా అని ఇరుగుపొరుగును విచారించండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కొత్త బంకు ఇళ్ళకు, బడులకు, ఆసుపత్రులకు 50 మీటర్ల దూరంలో ఉండాలి. వీలుకాని చోట అదనపు జాగ్రత్తలతో 30 మీటర్లకు తగ్గరాదు. అంతకు ముందు వెలసిన బంకులు ఎన్నో ఇళ్ళను ఆనుకొనే ఉన్నాయి.

నిదాన పరివర్జనం

ఆ కుటుంబం ఆ రోజే నూతిని మాని కుళాయి నీటికి మారింది. మూడు వారాలలో తలనొప్పి, వికారం తగ్గాయి. పిల్లల చర్మం నెలలోపల నునుపెక్కింది. రక్తపరీక్షలో దోషం కనబడలేదు. అది నా కషాయపు మహిమ కాదు. రోగకారణాన్ని విడిచిపెట్టడమే చికిత్సకు సారమని సుశ్రుతుడు చెప్పిన నిదాన పరివర్జనపు ఫలితం.

నూతికి మాత్రం అంత త్వరగా నయం కాలేదు. అర్జీల మీద అర్జీలు పెట్టగా నాలుగు నెలలకు పరీక్ష జరిగింది. నీటిలో బెంజీను హద్దును మించి ఉన్నదని తేలింది. పూడ్చిన గోతిని మళ్ళీ త్రవ్వి చూస్తే, ట్యాంకు తీసిన నాడు పైకి తీసిన నల్లమట్టినే తిరిగి అందులో పోసినట్లు బయటపడింది. దానిని బండ్లతో తరలించారు. అయినా ఆ నూతిపై వేసిన రాతిపలక నేటికీ తీయలేదు. గోతిని పూడ్చిన నాడే పిడికెడు మట్టిని పరీక్షకు పంపి ఉంటే, ఆ పలక అవసరం ఉండేది కాదేమో.

ఆ తరువాత నా వద్దకు తలనొప్పితో, వికారంతో వచ్చే ప్రతి రోగినీ నేను రెండు ప్రశ్నలు అదనంగా అడుగుతున్నాను. మీ ఇంటిలో అందరికీ ఈ బాధ ఉన్నదా? మీ నూతికి దగ్గరలో ఇప్పుడు గాని, ఇంతకు ముందు గాని బంకు ఉన్నదా? పాఠకులు తమ ఇంటి నీటిని గురించి ఈ ప్రశ్నలను వైద్యుడు అడిగేదాకా ఆగక తామే వేసుకోవలసిందిగా ప్రార్థన.